బడి గోడలు చెప్పే పాఠం

మా పాఠశాలలోని అదనపు తరగతి గదుల గోడ మీద “చెట్లను పెంచండి, పర్యావరణాన్ని కాపాడండి” అని నీలిరంగు అక్షరాలతో వ్రాయించినవాణ్ణి నేనే. తెలుగు పండితుణ్ణి కనుక అక్షరదోషాలు దొర్లకుండా చూచే బాధ్యత నాకు అప్పగించారు. దోషాలేవీ దొర్లలేదు. అయితే ఆ గదులు లేచిన చోటనే అంతకు పదేళ్ళ క్రితం దాకా ఒక ముసలి వేపచెట్టు ఉండేది. నిర్మాణానికి అడ్డముగా ఉన్నదని దానిని తొలగించుటకు చేసిన తీర్మానం కూడా నా దస్తూరీయే. అందులోనూ అక్షరదోషాలు లేవు.

ఉద్యోగ విరమణ చేసిన తరువాత తీరిక దొరికి, ఆ రెండు వ్రాతలను పక్కపక్కన పెట్టి చూసుకొన్నాను. విద్యార్థికి ప్రకృతిని గూర్చి చెప్పవలెనన్న తలంపు మనకు కొత్తది కాదు. ఆ తలంపు బడి కట్టడంలోకి ఎప్పుడు ప్రవేశించినది, ఎప్పుడు అందులోనుండి జారిపోయి కేవలం పాఠ్యపుస్తకంలో మిగిలినది అన్న ప్రశ్న నన్ను కొంతకాలం వెంటాడినది. చదివినది, చూచినది, చేసినది కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. చదువరులు ఓపికతో చదివెదరు గాక.

తపోవనాలను గూర్చి మన కావ్యాలలో వర్ణనలు చదువుకొనని పండితుడుండడు. కణ్వాశ్రమంలో శకుంతల చెట్లకు నీరు పోయడం కాళిదాసుకు కేవలం అలంకారం కాదు. అది ఆ ఆశ్రమ జీవన విధానం. అయితే తపోవనాన్ని కావ్యంలోనుండి తీసి నేలమీద బడిగా నిలబెట్టే సాహసం ఆధునిక కాలంలో చేసినవాడు రవీంద్రుడు. “తపోవనం” అను పేరుతో ఆయన 1909లో ఒక వ్యాసమే వ్రాశాడు. అప్పటికే ఆయన బడికి ఎనిమిదేళ్ళు నిండుతున్నాయి.

బెంగాలులో బీర్భూం జిల్లా నేల ఎర్రనిది, గులకతో నిండినది. వాన పడితే కోసుకొనిపోయి గాళ్ళు పడే భూమి. 1863లో రవీంద్రుని తండ్రి దేవేంద్రనాథుడు అక్కడ ఇరవై బిఘాల నేలను కౌలుకు తీసుకొన్నాడు. ఆ బయలులో ఆయనను ఆకర్షించినవి రెండు సప్తపర్ణి వృక్షాలని చెబుతారు. 1901 డిసెంబరు 22న రవీంద్రుడు అయిదుగురు విద్యార్థులతో అక్కడ పాఠశాల ప్రారంభించాడు. పిల్లలు ఎవరి ఆసనం వారు చంకనబెట్టుకొని చెట్టుకిందికి వచ్చి కూర్చోవడం, గురువు చెట్టు మొదట కూర్చొని పాఠం చెప్పడం అక్కడి పద్ధతి. గది లేకపోవడం పేదరికం వలన కాదు, ఉద్దేశపూర్వకం. ఎండ జరిగినకొద్దీ నీడతోపాటు తరగతి జరుగుతుంది. సూర్యుని గమనం ఆ పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. ఆ చెట్లలో అత్యధికం వారికి అంతకుముందే అమరి ఉన్నవి కావు. ఎర్రని బయలులో తరతరాలుగా నాటి పెంచినవి. 1928లో రవీంద్రుడు వృక్షారోపణోత్సవాన్ని ఆరంభించాడు. మొక్కను ఊరేగింపుగా తెచ్చి, పాటలతో నాటే పండుగ అది. అనగా తరగతి గదిని కట్టడమంటే ఆ బడిలో చెట్టు నాటడమే. పట్టభద్రుడైన విద్యార్థికి సప్తపర్ణి పత్రం చేతికివ్వడం అక్కడి సంప్రదాయం.

చెట్టుకింద బడి సంగతి అందరూ చెబుతారు. శ్యామలి సంగతి తక్కువమంది చెబుతారు. 1935లో, తన 74వ యేట, రవీంద్రుడు శాంతినికేతనంలో ఒక మట్టి ఇల్లు కట్టించుకొని అందులో ప్రవేశించాడు. గోడలే కాక పైకప్పు కూడా మట్టితో వేయించడం దాని ప్రత్యేకత. గడ్డి కప్పులకు నిప్పు భయం. పల్లెవాడికి నిప్పంటుకోని, చవకైన కప్పు సాధ్యమా అని పరీక్షించడమే ఉద్దేశం. సురేంద్రనాథ్ కర్ రూపకల్పన చేయగా, నందలాల్ బోస్, రాంకింకర్ బేజ్ వంటి కళాకారులు గోడలను శిల్పాలతో తీర్చారు. 1940లో గాంధీజీ దంపతులు వచ్చినప్పుడు బస చేసినది ఆ ఇంటిలోనే. ప్రపంచమంతా కీర్తించిన కవి, విశ్వవిద్యాలయ స్థాపకుడు, మట్టి కప్పు కింద నివసించి చూపడం కంటె పెద్ద పాఠం ఏ పుస్తకంలో పట్టుతుంది? 2023లో శాంతినికేతనాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది.

శాంతినికేతనానికి తెలుగువారికి గల బంధం తెలిసినదే. రాయప్రోలు సుబ్బారావుగారు అక్కడ కొంతకాలం ఉన్నారు. బెజవాడ గోపాలరెడ్డిగారు అక్కడ చదువుకొని, రవీంద్రుని గ్రంథాలను తెలుగు చేశారు. రవీంద్రుడు కూడా మన నేలకు వచ్చాడు. 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్ళు విశ్రమించి, “జనగణమన” గీతానికి ఆంగ్లానువాదం చేసినది అప్పుడే. ఆ మదనపల్లెలోనే 1895లో జిడ్డు కృష్ణమూర్తి జన్మించాడు. ప్రకృతిని బడిలోకి తెచ్చిన రెండవ ప్రయత్నం ఆ ఊరికి సమీపంలోనే, ఆ కృష్ణమూర్తి పేరుతోనే జరగడం విశేషం.

మదనపల్లెకు కొద్ది మైళ్ళ దూరంలో కొండల నడుమ ఋషివ్యాలీ ఉన్నది. 1920ల నడుమ కాలంలో అక్కడ ఒక పెద్ద మర్రిచెట్టు ఉన్న నేలను బడి కోసం ఎంచుకొన్నారు. అది వానలు తక్కువ కురిసే ప్రాంతం. అనంతపురాన్ని ఆనుకొన్న ఆ సీమలో బావి ఎండిపోవడమంటే ఏమిటో మాబోటివారికి వివరించనక్కరలేదు. బోడి కొండలు, మేకలు మేసిన పొదలు, నెర్రెలిచ్చిన చెరువులు. అక్కడి ఉపాధ్యాయులూ విద్యార్థులూ దశాబ్దాల తరబడి కొండవాలులలో మొక్కలు నాటారు. వాననీటిని ఆపడానికి చిన్న కట్టలు వేశారు. నీరు నేలలోకి ఇంకేందుకు చెరువు తవ్వించారు. చెట్లు తిరిగి వచ్చాయి. చెట్లతో పక్షులు వచ్చాయి. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ స్థలంగా ప్రకటించుకొన్నారు. రెండు వందలకు పైబడిన పక్షిజాతులు అక్కడ నమోదైనాయి.

నేను ఒకసారి అక్కడికి వెళ్ళాను. సాయంకాలం పిల్లలంతా ఒకచోట చేరి మౌనంగా కూర్చొని సూర్యాస్తమయాన్ని చూస్తారు. దానిని అస్తాచలం అంటారు. గంట లేదు, ఉపన్యాసం లేదు. నలభై నిమిషాల పీరియడు మధ్య బ్రతికిన నాకు అది మొదట సమయం వృథా అనిపించినది. తరువాత నా మీద నాకే జాలి కలిగినది.

“వారికి వందల ఎకరాలున్నవి, రుసుము కట్టగల తల్లిదండ్రులున్నారు, మన జిల్లా పరిషత్తు బడికి ఆ పోలిక ఎక్కడిది?” అని ఎవరైనా అడుగవచ్చును. నేనూ అడిగాను. దానికి సమాధానం ఆ లోయలోనే కొంత దొరికినది. ఋషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంవారు చుట్టుపక్కల పల్లెలలో చిన్న బడులు నడిపారు. ఆ బడికి ఒక చిన్న ఆవరణ, అందులో పిల్లలు పెంచే చెట్లు ఉండాలన్నది వారి నియమం. ఒక గది, ఒక ఉపాధ్యాయుడు, నాలుగు చెట్లు. ఆ పాటి నేల మన పల్లెబడులకు లేకపోలేదు. ఉన్న నేలను ఏమి చేశామన్నదే ప్రశ్న.

మూడవ ఉదాహరణ చెట్లది కాదు, ఇటుకలది. చెట్టుకింద బడి అందమైనదే కాని, గ్రంథాలయానికి కప్పు కావాలి, గోడలు కావాలి. కట్టక తప్పనప్పుడు ఎట్లు కట్టాలన్నదానికి లారీ బేకర్ సమాధానం చెప్పాడు. 1917లో ఇంగ్లండులో జన్మించిన ఈ వాస్తుశిల్పి 1945లో కుష్ఠురోగుల ఆసుపత్రుల నిర్మాణం కోసం భారతదేశానికి వచ్చి ఇక్కడివాడైపోయాడు. ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ళ లోపల దొరికినదై ఉండాలన్న గాంధీజీ మాట తన మనస్సులో నాటుకొన్నదని ఆయన చెప్పుకొనేవాడు. 1970లలో తిరువనంతపురంలో అభివృద్ధి అధ్యయన కేంద్రం ప్రాంగణాన్ని నిర్మించే పని ఆయనకు దక్కినది. ఆ సంస్థ వెనుక ఉన్న ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్; అప్పటి ముఖ్యమంత్రి అచ్యుత మేనోన్.

స్థలం కొండవాలు. బేకర్ దానిని చదును చేయలేదు. చెట్లను కొట్టలేదు. వాలు ఎట్లున్నదో మెట్లు అట్లే దిగాయి. చెట్టు ఎదురైన చోట గోడే వంగి పక్కకు తప్పుకొన్నది. కిటికీలకు బదులు చాలాచోట్ల ఇటుకలను ఎడమెడంగా పేర్చి జాలీ గోడలు కట్టాడు. గాలి ఆడుతుంది, వెలుగు వస్తుంది, ఎండ మాత్రం వడగట్టబడుతుంది. ఇటుకలను పడకగా గాక అంచుమీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలే కట్టుబడిని ఆయన ప్రచారం చేశాడు. ఇందువలన ఇటుకలు సుమారు నాలుగవ వంతు మిగులుతాయి. మధ్యనున్న గాలి వేడిని అడ్డగిస్తుంది. పైకప్పులో కూడా, కాంక్రీటు బరువును మోయని అడుగుభాగంలో కాంక్రీటుకు బదులు పాత పెంకులు అమర్చితే సిమెంటు మిగులుతుంది, కప్పు చల్లబడుతుంది. దరిద్రాన్ని గూర్చి, దేశ సంపదను గూర్చి పరిశోధించే విద్యార్థులు అటువంటి గోడల మధ్య కూర్చొనడంలో గొప్ప ఔచిత్యం ఉన్నది. పొదుపును గూర్చిన పాఠాన్ని ఆ భవనం వారికి ప్రతిదినం చెబుతున్నది. బేకర్ 2007లో గతించాడు. గోడలు చెబుతూనే ఉన్నవి.

కేరళలో ఎండను వడగట్టిన బుద్ధియే లడాఖులో ఎండను పట్టి దాచినది. లేహ్ సమీపాన ఫే గ్రామంలో సెక్మోల్ అను విద్యాసంస్థ ఉన్నది. 1988లో సోనం వాంగ్‌చుక్, ఆయన మిత్రులు దానిని స్థాపించారు. పదవ తరగతి తప్పిన పిల్లలను చేరదీసిన సంస్థ అది. దిమ్మిసా కొట్టిన మట్టి గోడలు, దక్షిణ దిక్కుకు తెరిచిన ముఖం. పగటి ఎండను గోడలు త్రాగి రాత్రి విడుదల చేస్తాయి. బయట నీరు గడ్డకట్టే శీతకాలంలో కూడా లోపల కట్టెలో బొగ్గో కాల్చకుండా పిల్లలు కూర్చొని చదువుకొంటారు. ఆ ప్రాంగణాన్ని నడిపే పనులలో విద్యార్థులే భాగస్వాములు. 2016లో అక్కడి ప్రధాన భవనానికి మట్టి కట్టడాలకిచ్చే టెర్రా అంతర్జాతీయ పురస్కారం లభించినది. పరీక్ష తప్పినవారి బడికి ప్రపంచ పరీక్షలో మొదటి మార్కు వచ్చినదన్నమాట.

ఇట్లు నాలుగు చోట్ల నాలుగు విధాలుగా బడి తన నేలకు జవాబు చెప్పినది. మరి మన వేల బడులలో ఏమి జరిగినది?

1986 జాతీయ విద్యావిధానాన్ని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో శ్రద్ధగా చదివాను. పర్యావరణ స్పృహ విద్య యొక్క అన్ని దశలలో వ్యాపించాలని అందులో ఉన్నది. ప్రాథమిక పాఠశాలలకు అన్ని ఋతువులలో ఉపయోగపడే కనీసం రెండు పెద్ద గదులు ఉండాలని కూడా అందులోనే ఉన్నది. అదే నల్లబల్ల పథకమైనది. ఈ రెండు మాటలు ఒకే పత్రంలో పుట్టిన కవల పిల్లలు. కాని ఒకటి పాఠ్యపుస్తక రచయితల బల్ల మీదికి వెళ్ళినది. రెండవది ఇంజనీర్ల బల్ల మీదికి వెళ్ళినది. ఆ తరువాత ఆ కవలలు ఒకరినొకరు చూచుకొన్నట్లు తోచదు. పుస్తకంలో పర్యావరణం పెరిగినది. ఆవరణలో గదులు పెరిగినవి. కోస్తాలో, సీమలో, తెలంగాణలో ఎక్కడ చూచినా ఒకే కొలతల పెట్టెలాంటి గది, తలమీద ఒకే చదును కప్పు.

1991 నవంబరు 22న, ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో, పర్యావరణ విద్యను అన్ని స్థాయిలలో తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించినది. అమలు మందగించగా 2003 డిసెంబరులో మరల గట్టిగా చెప్పినది. ఆ తీర్పులు ఎంతో మేలు చేశాయి. అయితే అవి పాఠాన్ని గూర్చినవి. పాఠం చెప్పే గదిని గూర్చినవి కావు. అందుచేతనే మా గోడ మీద నీలి అక్షరాలు వచ్చాయి.

చదును కప్పును నేను నిందించడం లేదు. 2004 జూలై 16న కుంభకోణంలో గడ్డికప్పుకు నిప్పంటుకొని 94 మంది చిన్నారులు బడిలోనే బూడిదైనారు. ఆ వార్త చదివిన ఏ ఉపాధ్యాయుడూ పూరిపాకను పొగడుతూ వ్యాసం వ్రాయజాలడు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తరువాత కోస్తాలో కట్టిన కాంక్రీటు తుఫాను ఆశ్రయాలు ఎన్నో బడులుగా కూడా ఉపయోగపడ్డాయి. అక్కడ అవే సరియైన కట్టడాలు. సముద్రం పక్క నేలకు అదే జవాబు. నా అభ్యంతరం కాంక్రీటుకు కాదు, ప్రశ్న అడగకుండా వ్రాసిన జవాబుకు. ఉప్పెన రాని ఊరికీ అదే, ఎండ మండే ఊరికీ అదే అయినప్పుడు, ఆ కట్టడం తన నేలను గూర్చి పిల్లవాడికి చెప్పే పాఠం ఒక్కటే: “నీ ఊరు ఎటువంటిదైనా ఒకటే.”

మా సీమలో మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం గదులలో కూర్చోవడం కష్టం గనుక పిల్లలను ఇంటికి పంపుతాం. దానిని ఎండాకాలపు ఆచారమనుకొంటామే కాని, మనం కట్టిన గది మన ఎండను తట్టుకోలేదని ఒప్పుకొన్న పత్రమనుకోము.

ఇక మా బడి సంగతి చెప్పి ముగిస్తాను. ఉద్యోగ విరమణకు మూడేళ్ళ ముందు ఎనిమిదవ తరగతి పిల్లలకు “మన బడి చరిత్ర” అని ఒక వ్యాసం వ్రాసుకొని రమ్మన్నాను. ఊరి పెద్దలను అడిగి తెలుసుకొమ్మన్నాను. మరునాడు ఒక కుర్రవాడు లేచి, “సార్, ఈడ పెద్ద యాపచెట్టు ఉండేదంట. మా అబ్బ దాని కిందనే చదువుకున్యాడంట. ఎవురు కొట్టించినారు సార్?” అని అడిగాడు.

“గదులకు అడ్డమొచ్చింది నాయనా” అన్నాను. వాడు తల ఊపి కూర్చొన్నాడు. వ్యాకరణరీత్యా నా వాక్యంలో తప్పు లేదు. అడ్డమొచ్చినది చెట్టు, కర్త అదే. కొట్టించినవాడు ఆ వాక్యంలో ఎక్కడా లేడు. ముప్ఫై ఏళ్ళు కర్త, కర్మ, క్రియలు బోధించినవాడు, తన వంతు వచ్చినప్పుడు కర్తను లోపింపజేశాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మరునాడు తరగతిలో చెప్పాను. కొట్టించాలన్న తీర్మానం వ్రాసినది నేనే అని, గదులను నాలుగు గజాలు జరిపి కట్టవచ్చునా అని ఆనాడు ఒక్కరం కూడా అడగలేదని, అడగాలని తెలియకపోవడమే మా తప్పు అని చెప్పాను. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. ఆ కుర్రవాడు మాత్రం, “అయితే ఇప్పుడు అడుగుదాం సార్” అన్నాడు.

అడిగాము. ఆవరణలో ఒక మూల పాత మంగళూరు పెంకుల గది మిగిలి ఉండేది. విరిగిన బల్లలు పడవేసే గది అది. విజ్ఞానశాస్త్రం చెప్పే సహోపాధ్యాయుని వద్ద రెండు ఉష్ణమాపకాలు తీసుకొని, ఒకటి ఆ గదిలో, మరొకటి కొత్త గదిలో వ్రేలాడదీశాము. ఒక వారం పాటు ఉదయం, మధ్యాహ్నం, బడి విడిచే వేళ పిల్లలే చూచి నల్లబల్ల మీద వ్రాశారు. ఉదయం రెంటికీ పెద్ద తేడా లేదు. మధ్యాహ్నం దాటిన తరువాత తేడా మొదలైనది. సాయంకాలం బయట చల్లబడుతున్నా కొత్త గది చల్లబడలేదు. చదును కప్పు పగలంతా ఎండను దాచుకొని లోపలికి వదులుతున్నదని, పెంకుల కప్పు ఎత్తుగా ఉండి సందులగుండా వేడిగాలిని పైకి పంపుతున్నదని పిల్లలు తమంత తాము తేల్చారు. లడాఖులో వరమైన గుణం మా ఊరిలో శాపమైనదని అప్పుడు నాకు బోధపడినది.

తరువాత పిల్లలు చేసినవి చిన్న పనులే. కొత్త గదుల పడమటి గోడ వెంట వేప, కానుగ మొక్కలు నాటారు. కప్పు మీది వాననీరు రోడ్డు పాలుకాకుండా గొట్టం మళ్ళించి ఇంకుడుగుంతలోకి వదిలారు. కప్పుకు తెల్లసున్నం పూయించారు. తలుపు కింద నేలమీద కోణాలు గీశారు. తలుపు తెరిచినప్పుడల్లా లఘుకోణం, లంబకోణం, గురుకోణం కనబడతాయి. ఈ చివరి ఆలోచన నాది కాదు. బడి భవనాన్నే బోధనోపకరణంగా మలచవచ్చునని కబీర్ వాజ్‌పేయి అను వాస్తుశిల్పి తన బృందంతో ప్రచారం చేసిన పద్ధతిలోనిది. “బాలా” అను పేరుతో అది ఎన్నో రాష్ట్రాల బడులకు చేరినది.

కట్టడం మౌనంగా పాఠం చెబుతుందన్నమాట నిజమే, కాని సగం నిజం. శాంతినికేతనంలో చెట్టు నీడన కూర్చున్న పిల్లవాడికి ఆ చెట్టు ఎవరు నాటారో, ఎందుకు నాటారో చెప్పేవారుండాలి. లేకపోతే అది వట్టి నీడ. బేకర్ జాలీ గోడ సంగతి తెలియనివానికి అది వట్టి కన్నాల గోడ. మా పెట్టెలాంటి గది కూడా, ఎందుకిట్లున్నదని అడిగిన వారం రోజులు, మంచి గురువే అయినది. మంచి కట్టడం దొరికిన పిల్లవాడు అదృష్టవంతుడు. దొరకనివానికి, కనీసం తన బడి కట్టడాన్ని ప్రశ్నించే హక్కు దొరకాలి. అది ఇవ్వడానికి నిధులు అక్కరలేదు, జీవో అక్కరలేదు. తప్పు ఒప్పుకోగల ఉపాధ్యాయుడొకడుంటే చాలును.

కిందటి యేడు ఆ దారిన పోతూ బడిలోకి తొంగిచూచాను. పడమటి గోడ మీద మధ్యాహ్నపు నీడ పడుతున్నది. నీలిరంగు అక్షరాలు సగం చెరిగిపోయాయి. వేపకొమ్మలు అడ్డు వచ్చి మిగిలిన సగమూ కనబడడం లేదు. తిరిగి వ్రాయించమని నేను ఎవరికీ చెప్పలేదు.

స్వస్తి.